అత్తయ్య పిడికిలికి తగ్గ చోక్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది నేను చెప్పుకునే మాట కాదు, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ మా అత్తయ్య చెప్పే మాట. "మా కోడలు బంగారం. కాకపోతే కొలిమిలోంచి అప్పుడే తీసిన బంగారం, చూసి పట్టుకోవాలి" అంటుంది. ఆవిడకేమో కోపం రాదనుకునేరు. వస్తుంది. నాలా అరిచి పారెయ్యదు, అంతే. మాట మానేస్తుంది. ఓసారి మా ఆయన "ఇంక చాల్లేమ్మా, విశ్రాంతి తీసుకో" అన్న పాపానికి నాలుగు రోజులు ఇంట్లో ఆవిడ గొంతు వినపడలేదు. నేనెంత అరిచినా గంటలో చల్లారిపోతాను. నాలుగు రోజుల మౌనం ముందు నా అరుపులు ఏపాటి?

మా అత్తయ్య డ్రైవరు. గ్రంథాలయం వాళ్ళ పుస్తకాల బండి నడుపుతుంది. ఊరి చుట్టూ కొండదారి పట్టుకుని ఆరు చోట్ల ఆగుతుంది, ఒక్కోచోట నలభై నిమిషాలు. జనం వెనక మెట్లెక్కి, అరల్లో వెతుక్కుని, పాతవి ఇచ్చి కొత్తవి పట్టుకెళ్తారు. బండి పాతది, పెట్రోలుది, ముక్కు పొడుగ్గా ఉంటుంది. దాన్ని ఆవిడ "పెద్దమ్మాయి" అంటుంది. నన్ను "చిన్నమ్మాయి" అంటుంది. "మరి నేనెవర్నమ్మా?" అని మా ఆయన అడిగితే, "నువ్వు స్టెప్నీవి నాన్నా, అవసరం పడినప్పుడు తీస్తాం" అంటుంది. ఆయన అచ్చాఫీసులో పని ముగించుకొచ్చి, మా ఇద్దరికీ వండిపెట్టి, మా గొడవల్లో ఎవరి పక్షమూ పట్టకుండా పేపరు చదువుకుంటాడు.

నేను మెకానిక్‌ని. ఇంటి పక్కనే షెడ్డు. కార్బురేటర్లంటే నాకు ప్రాణం. పెద్దమ్మాయి రాత్రి పడుకునేది నా షెడ్డు ముందే, దాని ఆలనాపాలనా నాదే. గ్రంథాలయం వాళ్ళ కాగితాల్లో మెకానిక్ అన్నచోట నా సంతకమే ఉంటుంది.

మా ఇంట్లో ఏడాదిగా నడిచిన యుద్ధం చోక్ గురించి. చోక్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. కార్బురేటర్ నోటి దగ్గర ఒక రేకు మూత. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుంటే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ అందుతుంది, బండి లేస్తుంది. ఇంజను వేడెక్కేకొద్దీ ఆ మూత మెల్లమెల్లగా తెరుచుకోవాలి. తెరవకపోతే పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. ఒక్కసారిగా తెరిచేస్తే దగ్గి ఆగిపోతుంది. పెద్దమ్మాయికి తీగ చోక్. డ్యాష్‌బోర్డు మీద బొత్తాం అంత గుబ్బ ఉంటుంది, రెండు వేళ్ళతో పట్టుకుని లాగాలి, వేడెక్కేకొద్దీ కాస్త కాస్త లోపలికి నెట్టాలి. ముప్ఫై ఏళ్ళుగా అత్తయ్య చేస్తున్న పనే.

అలాంటిది పోయిన చలికాలం నుంచీ పెద్దమ్మాయి పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టింది. అత్తయ్య సెల్ఫ్ కొడుతుంది, అది లేవదు. లేస్తే ఆగుతుంది. ఆగకపోతే పొగ. నేను పరిగెత్తుకెళ్ళి కార్బురేటర్ విప్పుతాను, కడుగుతాను, బిగిస్తాను. మర్నాడు చల్లటి ఇంజను మీద నేనే ఎక్కి లాగితే ఒక్క దెబ్బకి లేస్తుంది, పెంపుడు పిల్లిలా గురగురలాడుతుంది. ఆ మర్నాడు అత్తయ్య ఎక్కితే మళ్ళీ మామూలే. ప్లగ్గులు విప్పి చూస్తే ఒకటే మసి.

"నీ ట్యూనింగ్ తేడాగా ఉందమ్మాయ్" అనేది అత్తయ్య.

నన్ను వంట రాదనండి, ఇల్లు ఊడవదనండి, పడతాను. ట్యూనింగ్‌ని మాత్రం అనకూడదు. ఒంటికాలి మీద లేచేదాన్ని. కార్బురేటర్ ఆరుసార్లు విప్పాను. తీగ మార్చాను, పెట్రోలు పంపు మార్చాను. వేళ్ళు జారుతున్నాయేమోనని గుబ్బకి మెత్తటి రబ్బరు తొడుగు కూడా వేశాను. చివరికి, "ఈ లాగుడు పీకుడు కాదు, కరెంటు చోక్ వేస్తాను. గుండ్రటి నల్ల డబ్బా, లోపల స్ప్రింగు. తాళం తిప్పగానే కరెంటుకి వేడెక్కి మూతని తనే తెరుస్తుంది. మీరు వేలు కూడా కదపక్కర్లేదు" అన్నాను.

"వద్దు."

"ఎందుకొద్దు?"

"అది కరెంటుకి వేడెక్కుతుంది కానీ ఇంజనుకి కాదుగా. నేను నలభై నిమిషాలు ఆపుతాను. ఇంత లావు ఇంజను, అంత తొందరగా చల్లారదు. నీ డబ్బా మాత్రం చల్లారిపోయి మూత మూసేస్తుంది. వేడి ఇంజను మీద చోక్ పడితే ఏమవుతుందో నేను నీకు చెప్పాలా? రోజుకి ఆరుసార్లు ఆగే బండికి తీగ చోకే మంచిది."

"ముప్ఫై ఏళ్ళ కిందటి మాటలు అత్తయ్యా ఇవి."

"బండీ అప్పటిదే, నేనూ అప్పటిదాన్నే."

ఇలా ఏడాది గడిచింది. ఈ చలికాలం గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. బండి పదకొండుసార్లు ఆలస్యంగా బయల్దేరిందట. వచ్చే సోమవారం కాక పై సోమవారం తనిఖీ అధికారి తెల్లారేసరికి వస్తాడు, ఆరు చోట్లకీ బండిలోనే తిరుగుతాడు. ఎక్కడైనా రెండు ప్రయత్నాల్లో లేవకపోతే బండిని పక్కన పెట్టేస్తారు. కొత్త వ్యాన్లు వస్తాయి, వాటితోపాటు కొత్త డ్రైవర్లు. అత్తయ్యకి ఆఫీసులో కుర్చీ వేసి పుస్తకాల మీద ముద్రలు కొట్టే పని ఇస్తారు.

అత్తయ్య ఆ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది. "ముద్రలు" అంది. ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన పేపరు తీయలేదు.

మర్నాడు శుక్రవారం. అత్తయ్య బండి పెట్టి లోపలికి వెళ్ళాక, ఏదో ఒకటి తేల్చాలని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. చోక్ గుబ్బ పట్టుకోబోయి ఆగాను. నేను వేసిన రబ్బరు తొడుగు చుట్టూ గాట్లు. ఎవరో కొరికినట్టు.

ఎలక, అనుకున్నాను. చలికి వెచ్చగా ఉంటుందని దూరి ఉంటుంది, తీగలు కొరికితే కొంప మునుగుతుంది. వెంటనే వెళ్ళి బోను తెచ్చి, రొట్టె ముక్క గుచ్చి, సీటు కింద పెట్టాను. అంతలో అత్తయ్య మర్చిపోయిన సంచి కోసం వచ్చింది. బోను చూసి భగ్గుమంది.

"నా బండిలో బోనా? నా బండిలో ఎలకలుంటాయా? ముప్ఫై ఏళ్ళలో ఒక్క పుస్తకం ఎలక కొట్టిందా చూపించు!"

"మరి చోక్ తొడుగు ఎవరు కొరికారు?"

అత్తయ్య తొడుగు వైపు చూడను కూడా చూడలేదు. బోను ఎత్తి నా చేతిలో పెట్టి, సంచి మర్చిపోయి, వట్టి చేతులతో వెళ్ళిపోయింది. ఇదేంటి, సంచి కోసమేగా వచ్చింది, అనుకున్నాను. సంచి ఇద్దామని తీస్తే దాన్లో సగం కొరికిన ఆపిల్ ఉంది. తెల్లటి గుజ్జు మీద పళ్ళ వరసలు, మధ్యలో చిన్న సందు. అత్తయ్య ముందుపళ్ళ మధ్య సందు ఉంటుంది. నవ్వితే అందంగా ఉంటుంది.

రబ్బరు తొడుగు పీకి వెలుగులో పెట్టి చూశాను. గాట్ల మధ్యలో అదే సందు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. బండి తాళంచెవికి అత్తయ్య అడ్డంగా కట్టుకున్న కర్రముక్క. ముచ్చటపడి కట్టుకుందనుకున్నాను. పొద్దున్నే తేనె సీసా నా ముందు పెట్టి, "ఖాళీగా నిలబడ్డావుగా, ఆ మూత తియ్" అనడం. నేను ఖాళీగా లేనని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆవిడ బొటనవేళ్ళు పనిచెయ్యడం లేదు. రెండు వేళ్ళతో పట్టుకోవాల్సినవేవీ ఆవిడకి పట్టు దొరకడం లేదు. రోజూ చీకటితో, ఎవరూ చూడకుండా, వంగి, ఆ గుబ్బని పళ్ళతో లాగుతోంది. పళ్ళతో అయితే పూర్తిగా బయటికి రాదు. లోపలికి నెట్టడం అరచేత్తో, అదీ తొందరగానో ఆలస్యంగానో, ఒకేసారి. అందుకే దగ్గు, అందుకే మసి. నా ట్యూనింగ్‌లో ఏ తేడా లేదు.

నాదే గెలుపని తేలినందుకు ఎగిరి గంతెయ్యాల్సింది. సీట్లో కూర్చుని తలుపు వేసుకుని ఏడ్చాను.

చెప్పనా, మాననా? చెబితే నాలుగు రోజుల మౌనం కాదు, నలభై రోజులు. చెప్పలేదు. కడుపులో దాచుకుని రాత్రి భోజనాల దగ్గర అబద్ధం అల్లాను. "అత్తయ్యా, అందరూ కరెంటు చోక్ వేస్తావా అని అడుగుతున్నారు. నాకు ఇంతవరకూ చెయ్యి తిరగలేదు. పెద్దమ్మాయి మీద నేర్చుకోనివ్వండి."

ఒక పెద్ద గొడవకి సిద్ధపడే అడిగాను. అత్తయ్య కంచంలోకి చూస్తూ, "సరే, వెయ్యి" అంది.

ఆ "సరే" నాకు ముల్లులా గుచ్చుకుంది. ఏడాది పోట్లాడిన మనిషి.

శనివారం తీగ చోక్ ఊడదీసి మేకుకి తగిలించి, కరెంటుది బిగించాను. ఇక దాన్ని సరిగ్గా కుదర్చడం ఉంది. నల్ల డబ్బా చుట్టూ మూడు మరలు. వాటిని వదులు చేసి డబ్బాని ఒక గీత ఇటు తిప్పితే మూత గట్టిగా మూసుకుంటుంది, అటు తిప్పితే తొందరగా తెరుచుకుంటుంది. చిక్కేమిటంటే ఇంజను రాత్రంతా నిలబడి మంచులా చల్లబడితేనే పరీక్ష. రోజుకి ఒక్కటే అవకాశం. ఒకసారి లేచిందా, మళ్ళీ మర్నాటి దాకా ఏం తెలీదు.

ఆదివారం తెల్లవారుజామున పొగ. అత్తయ్య శాలువా కప్పుకుని పక్క సీట్లో కూర్చుని, "పొయ్యి రాజేశావా బండి రాజేశావా?" అంది. అటువైపు రెండు గీతలు తిప్పాను. సోమవారం దగ్గి చచ్చిపోయింది. "ఇప్పుడు నీరసం" అంది. వెనక్కి ఒక గీత. మంగళవారం లేచింది కానీ మరీ రేస్ అయింది, ఇంట్లోంచి మా ఆయన "ఎగిరిపోతున్నారా?" అని అరిచాడు. రేస్ మర తగ్గించాను. బుధవారం దాదాపు. అర గీత. ఇంజను వేడెక్కేదాకా ఇద్దరం క్యాబిన్లో ఒకే గ్లాసులో టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అన్ని పొద్దులు మేమిద్దరమే ఎప్పుడూ కూర్చోలేదు. డ్రైవరు పనికి వెళ్ళిన మొదటి రోజు బండిని గేటుకి గుద్దిన కథ అప్పుడే చెప్పింది. ఆ సొట్టని నేనే మూడుసార్లు సరిచేశాను, ఎలా పడిందో మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ తెలీదట. గ్లాసుని ఆవిడ రెండు అరచేతులతో పట్టుకునేది. చలికి అనుకునేదాన్ని ఇదివరకు.

గురువారం పొద్దున్న అత్తయ్యే డ్రైవరు సీటెక్కి, పెడలు ఒక్కసారి తొక్కి, తాళం తిప్పింది. ఠక్కున లేచింది. ఒక నిమిషం గట్టిగా, తర్వాత తనంతట తనే మెల్లగా సర్దుకుంది. గ్లాసులో టీ కూడా కదల్లేదు.

"చూశారా!" అన్నాను.

"చూశాను" అని నా తల నిమిరింది. ఆ చేతిలో బొటనవేలు ముడుచుకుని ఉంది.

శుక్రవారం, తనిఖీకి ముందు ఆఖరి పనిరోజు, నేనూ బండిలో వెళ్ళాను. దారి పొడుగునా వినాలని. మొదటి చోట ఎలాగో లేచింది. రెండో చోట కాస్త గింజుకుంది. మూడో చోట, నలభై నిమిషాలయ్యాక సెల్ఫ్ కొడితే గుర్రుగుర్రుమని నిలిచిపోయింది. కార్బురేటర్ నుంచి పచ్చి పెట్రోలు వాసన. డబ్బా చల్లారి వేడి ఇంజను మీద చోక్ పడింది. అత్తయ్య చెప్పింది చెప్పినట్టే.

పుస్తకం చంకలో పెట్టుకున్న ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి, "ఇవాళ కూడా పది నిమిషాలేనా డ్రైవరమ్మా? అయితే ఇంకో పుస్తకం చూసుకుంటా" అన్నాడు.

ఇవాళ కూడా!

"అత్తయ్యా, వారం నుంచీ ఇంతేనా? దారి బాలేదు, అందుకే ఇంటికి రావడం ఆలస్యం అన్నారుగా?"

"పది నిమిషాలు ఆగితే లేస్తుందిగా. కాలక్షేపానికి వెనక రెండు వేల పుస్తకాలున్నాయి."

"మీరు చెప్పిందే రైటు. ఈ దారికి తీగ చోకే సరి."

పన్నెండేళ్ళలో ఈ మాట నా నోటి వెంట రావడం అదే మొదలు. ఇంకో రోజైతే ఆవిడ ఊరంతా చాటింపు వేయించేది. ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోనీలే, ఇదే ఉంచు" అంది.

"సోమవారం ఆయన ముందు ఇలాగే ఆగిపోతే?"

"ఉంచమన్నానుగా."

"ఎందుకు? ఎలక భయమా?"

అత్తయ్య మెల్లగా నా వైపు తిరిగింది. "ఏ ఎలక?"

"ముందుపళ్ళ మధ్య సందున్న ఎలక."

ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. వెనక మెట్లమీద జనం ఎక్కి దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నలభై రోజుల మౌనం మొదలైందనుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

"పోయిన శుక్రవారం."

"వారం రోజులు నోరు మూసుకున్నావా? నువ్వు?"

"ఆఁ."

"ఒంట్లో బాగానే ఉందా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోవడానికి మణికట్టు ఎత్తింది.

"ఈ రెండూ నన్ను మోసం చేశాయే" అని బొటనవేళ్ళు చూపించింది. "స్టీరింగ్ తిప్పితే నొప్పి లేదు. గేరు వేస్తే నొప్పి లేదు. పిడికిలి బిగించి ఎంత బరువైనా లాగుతాను. చిటికెడు ఉప్పు మాత్రం పట్టుకోలేను. నా చేతులు బాలేదంటే నీ మొగుడు ఇంట్లో కూర్చోమంటాడు. బండి బాలేదంటే నువ్వు బాగుచేస్తావు. అందుకని బండి మీదకి నెట్టేశాను. అది వెళ్ళి నీ నెత్తిన పడింది. పడుతోందని తెలుసు. తెలిసే అన్నాను."

నాకు కోపం రావాల్సిన చోటు అది. రాలేదు. ఆవిడ చెప్పిన ఒక్క మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది.

"పిడికిలి బిగించి ఎంత బరువైనా లాగుతారా?"

"ఏం, పందెమా?"

ఇంటికి రాగానే, కిటికీ అద్దాలకి పెట్టే పుట్టీ ఇంత ముద్ద చేసి ఆవిడ చేతిలో పెట్టాను. "బలంగా నొక్కండి. నొప్పి లేకుండా ఎలా పట్టుకుంటారో అలా." నాలుగు వేళ్ళూ దిగాయి. బొటనవేలు ఊరికే పైన పడుకుంది. శనివారమంతా ఆ ముద్దని ముందు పెట్టుకుని, నా విరిగిన సుత్తి కర్రని చెక్కాను. నాలుగు వేళ్ళకి నాలుగు పల్లాలు. కరెంటు డబ్బా ఊడదీసి, తీగ చోక్ తిరిగి పెట్టి, దాని కడ్డీకి ఆ పిడిని అడ్డంగా బిగించాను. కడ్డీ మీద ఆకురాయితో మూడు గాట్లు తీసి, కింద చిన్న స్ప్రింగు పెట్టాను. అరచేత్తో నెడితే గాటు గాటుకీ టక్కుమని ఆగుతుంది. ఇక ఒకేసారి లోపలికి పోయే భయం లేదు.

పరీక్షకి మిగిలింది ఆదివారం పొద్దున్న ఒక్కటే. మా ఆయన కూడా లేచొచ్చి చలికి వణుకుతూ నిలబడ్డాడు. రాత్రి తల్లే కూర్చోబెట్టి అంతా చెప్పిందట. అత్తయ్య పిడికిలితో లాగింది. పెద్దమ్మాయి ఒక్క దెబ్బకి లేచింది. టక్, కాసేపాగి టక్, ఇంకాసేపాగి టక్. ఆయన లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టుకొచ్చాడు.

సోమవారం తనిఖీ ఆయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాటలు ఎక్కడ ఖర్చయిపోతాయోనన్నట్టు పొదుపుగా మాట్లాడే మనిషి. చేతిలో పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఆయన అత్తయ్య పక్కన కూర్చున్నాడు. నేను వెనక పుస్తకాల మధ్య స్టూలు మీద. మొదటి చోట లేచింది. మూడో చోట చోక్ ముట్టుకోకుండానే లేచింది. వేడి ఇంజనుకి చోక్ ఎందుకు? ఆరు చోట్లా ఆరుసార్లూ మొదటి ప్రయత్నంలోనే. గ్రంథాలయం ఆవరణలోకి వచ్చి ఆగాక, ఆయన దిగబోతూ చోక్ పిడిని పెన్సిలుతో తట్టాడు.

"ఇదేంటి?"

మేం నోరు తెరిచేలోపు ఆయనే చెప్పేశాడు.

"తీగ సాఫీగా కదిలితే ఇంత లావు పిడి అక్కర్లేదు. తీగ బిగుసుకుపోయింది, దాన్ని కప్పిపుచ్చడానికి మెకానిక్ కర్ర తగిలించింది. ఇవాళ లేచింది, రేపు పుటుక్కుమంటుంది." పెన్సిలు పుస్తకం మీదకి వెళ్ళింది. "బండి తప్పు కాదు. మెకానిక్‌ని మార్చమని రాస్తాను. వేరేవాళ్ళు వారంలో సరిచేస్తారు. బండి తిరగొచ్చు."

బండి తిరగొచ్చు. అత్తయ్య సీటు పోదు. నేను ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"అవునండీ. తీగ బిగుసుకునే ఉంది. నాదే తప్పు" అన్నాను.

"అబద్ధం" అంది అత్తయ్య.

నేను వెనకనుంచి ఆవిడ భుజం నొక్కాను. ఆవిడ నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"అయ్యా, ఆ అమ్మాయి ట్యూనింగ్‌లో ఏనాడూ తేడా లేదు. పదకొండుసార్లు ఆలస్యమైంది నా మూలంగా. నా బొటనవేళ్ళకి పట్టు లేదు. ఎవరికీ చెప్పలేదు. పళ్ళతో లాగాను. ఏడాది పాటు దాన్ని తిట్టాను. అది నా పిడికిలి కొలత తీసి ఈ పిడి చేసింది. రాస్తే నా పేరు మీద రాయండి."

ఆవరణలో ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు. తనిఖీ ఆయన పెన్సిలు ఆపాడు. వంగి చోక్ కడ్డీని చిటికెన వేలితో లాగాడు. వెన్నలా జారి వచ్చింది. నెట్టాడు. టక్. మళ్ళీ నెట్టాడు. టక్. ఆ చప్పుడు ఆయనకి నచ్చినట్టుంది, అవసరం లేకపోయినా ఇంకోసారి లాగి నెట్టాడు.

"స్టీరింగ్?"

"మీ ముందేగా ఇవాళంతా కొండ ఎక్కించి దింపాను."

"బ్రేకు?"

"అది కాలితో అయ్యా."

ఆయన మూతి కాస్త వంకర తిరిగింది. నవ్వేమో తెలీదు. చాలాసేపు రాశాడు. రాసింది చింపి అత్తయ్యకి ఇవ్వబోయి, ఆగి, కాగితం అంచు కాకుండా మొత్తం మడిచి ఆవిడ అరచేతిలో పెట్టాడు. బండి బాగుంది, డ్రైవరు బాగుంది, చోక్ పిడి డ్రైవరు చేతికి తగినట్టు అమర్చబడింది, మార్చవద్దు అని ఉంది.

ఇంటికి వచ్చేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. "ఆపవే, ఎదర అద్దం తుడవడానికి వైపరుంది కానీ నిన్ను తుడవడానికి లేదు" అంది అత్తయ్య. "ఇప్పుడైనా నా ట్యూనింగ్ బాగుందంటారా?" అన్నాను. "బాగుంది. రెండో గేరులో మాత్రం ఏదో మూలుగుతోంది, చూడు" అంది. గేరుకి నా ట్యూనింగ్‌కి సంబంధం లేదని చెప్పబోయి నాలిక్కరుచుకున్నాను.

మర్నాడు పొద్దున్న నేను నిజంగానే ఖాళీగా లేను. వంటింటి గట్టు దగ్గర నిలబడి షెడ్డుకి ఆలస్యమవుతోందని గబగబా టీ తాగుతున్నాను. అత్తయ్య తేనె సీసా పట్టుకుని వచ్చింది. రోజూలా గట్టు మీద పెట్టలేదు. రెండు అరచేతుల్లో పట్టుకుని నా ముందుకి చాపింది.

"నా వల్ల కావట్లేదమ్మా. కాస్త మూత తీసిపెట్టు" అంది.

తీసిపెట్టాను.